కోట పోయింది, సత్రం ఉంది: రాజుల ఇళ్ళకి మరమ్మత్తులంటే ఎవరి కోసం?

మా పెద్దాపురం కొత్తగా వచ్చినోళ్ళు తప్పకుండా అడిగే మాట ఒకటుంది. "ఇక్కడ రాజుల కోట ఉండాలి గదండీ, ఎటేపు?" అని. అడగడంలో తప్పు లేదు. విజయనగరం ఎల్తే కోటుంది. బొబ్బిలెల్తే రాజుగారి మహలుంది. పెద్దాపురం సంస్థానం వాటికేం తీసిపోయింది కాదు. రాజమహేంద్రవరం సర్కారులో ఒకప్పుడు పేరుమోసిన పెద్ద జమీల్లో ఇదొకటి. అయినా రాజుగారి మేడ చూపించమంటే మేం చూపించలేం. పాండవుల మెట్ట చూపిస్తాం, మరిడమ్మ తల్లి గుడి చూపిస్తాం, పట్టు మగ్గాలు చూపిస్తాం, రాణిగారి సత్రం చూపిస్తాం. కోట మాత్రం లేదు.

ఈమధ్య ఫోను తెరిస్తే చాలు, ఏదో ఒక రాజమహలు వీడియో. పాతదాన్ని బాగుచేసేరట, దీపాలు పెట్టేరట, లోపల భోజనం ఇంతట, గది అద్దె అంతట. అది చూసి మా కుర్రోళ్ళు "మనూళ్ళో కూడా ఇలాంటిదుంటేనా!" అంటారు. ఉంటే ఏమయ్యేదో ఆలోచిద్దాం. రాజుల సొంతిల్లు ఎలా లేచింది, ఎలా పడింది, పడిపోయినదాన్ని మళ్ళీ నిలబెడితే అందులోకి ఎవరెళ్ళేరు? ఈ లెక్క తేలకుండా "వారసత్వ సంపద" అని చప్పట్లు కొట్టడం నాకు చేతకాదు.

ముందు మా ఊరి కథ చెప్తాను. వత్సవాయ రాజులు 16వ శతాబ్దం నడిమి నుంచి ఇక్కడున్నారు. దగ్గర దగ్గర మూడొందల ఏళ్ళు. తిమ్మ జగపతి, రాయ జగపతి, ఇలా జగపతి పేర్లే ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. వాళ్ళ చరిత్రని ఆ వంశం ఆయనే, వత్సవాయ రాయజగపతి వర్మ గారు, 'పెద్దాపుర సంస్థాన చరిత్రము' అని 1915లో పుస్తకంగా తెచ్చేరు. మా ఊరికి మునిసిపాలిటీ వచ్చింది కూడా ఆ సంవత్సరమే. భర్తృహరి సుభాషితాలు తెలుగు చేసిన ఏనుగు లక్ష్మణకవి ఈ సంస్థానంతో ముడిపడినోడే. గోల్కొండ నవాబుల కింద, తర్వాత నిజాం కింద, ఆ తర్వాత ఫ్రెంచోళ్ళూ ఇంగ్లీషోళ్ళూ కొట్టుకుంటుంటే మధ్యలో, ఈ రాజులు నెట్టుకొచ్చేరు. రుస్తుంఖాన్ అనే నవాబు అధికారి జమీందార్లని ఏరివేసిన రోజుల్లో ఇక్కడి రాణివాసం ప్రాణాలు తీసుకుందనీ, పసిబిడ్డని విజయనగరం చేర్చి కాపాడేరనీ చెప్పుకుంటారు. ఆ కథలో ఎంత నిజమో ఎంత కల్పనో గానీ, రాణివాసమంటే హాయైన చోటేం కాదని మాత్రం అందులో తెలుస్తుంది.

1758 డిసెంబరులో పెద్దాపురానికి దగ్గర్లోనే, చందుర్తి దగ్గర, కర్నల్ ఫోర్డు సేన ఫ్రెంచోళ్ళని ఓడించింది. ఆ దెబ్బతో ఈ సర్కారు జిల్లాలన్నీ మెల్లిగా కంపెనీ చేతిలోకి పోయేయి. 1802లో కంపెనీ శాశ్వత పద్ధతి పెట్టింది. అందులో కిటుకేంటంటే, జమీలో వచ్చే శిస్తు ఎంతుంటుందో లెక్కేసి, అందులో సుమారు మూడింట రెండొంతులు పేష్కషుగా కంపెనీకి కట్టెయ్యాలి. వానొచ్చినా కట్టాలి, రాకపోయినా కట్టాలి, తుపానొచ్చి ఊళ్ళు కొట్టుకుపోయినా కట్టాలి. కట్టలేకపోతే జమీ వేలానికి వస్తుంది. అప్పటికి ధవళేశ్వరం ఆనకట్ట లేదు. 1830ల్లో కరువులు మీదపడ్డాయి. వారసులెవరో తేలక దత్తతల తగువులు. అలా గోదావరి జిల్లాలో పాత జమీలు చాలా కూలబడ్డాయి, 19వ శతాబ్దం సగమయ్యేసరికి పెద్దాపురం కూడా కంపెనీ ఖాతాలో పడిపోయింది. కాటన్ దొర ఆనకట్ట పని మొదలెట్టింది 1847లో, పూర్తయింది 1852లో. మాది మెట్ట గనక ఆ నీళ్ళు అందరికీ అందేవి కావులెండి, అది వేరే సంగతి.

ఇక్కడ ఒక మాట ఆగి చెప్పుకోవాలి. కంపెనీ రాజుని పిండింది, నిజమే. మరి రాజు ఎవర్ని పిండేడు? పేష్కషు కట్టగా మిగిలిందాంట్లోంచే మేడలూ, పల్లకీలూ, పెళ్ళిళ్ళూ, కవిగార్లకి శాలువాలూ. ఆ డబ్బు ఆకాశం నుంచి రాల్లేదు. మెట్టలో చోళ్ళూ నువ్వులూ పండించిన రైతు శిస్తు అది, మగ్గం మీద పన్ను అది. సున్నం తొక్కినోళ్ళు, ఇటుక మోసినోళ్ళు, దూలం ఎత్తినోళ్ళు ఎవరన్నది ఏ వంశ చరిత్రలోనూ రాయలేదు. అంచేత మేడ రాజుగారిదే గావచ్చు గానీ, అందులో వాటా ఊరందరిదీ.

కోట పోయేక ఊరికి మిగిలినవి రెండు. ఒకటి చెప్పుకోడానికి గొప్పగా ఉంటుంది, రెండోది చెప్పుకోడానికి ఎవరికీ నోరు రాదు.

మొదటిది సత్రం. రాణీ వత్సవాయ బుచ్చి సీతయ్యమ్మ గారి పేరున పెద్దాపురంలోనూ, కత్తిపూడిలోనూ సత్రాలున్నాయి. దారిన పోయేవోళ్ళకి అన్నం పెట్టాలి, తల దాచుకోడానికి చోటివ్వాలి, దానికి భూములు రాసివ్వాలి అని ఆవిడ అనుకుంది. కత్తిపూడి అంటే ఇప్పటి కలకత్తా, మద్రాసు హైవే మీదుంది. రైలు లేని రోజుల్లో ఆ దారమ్మట కాశీకెళ్ళేవోళ్ళూ, జగన్నాథం వెళ్ళేవోళ్ళూ కాళ్ళీడ్చుకుంటూ నడిచేవోళ్ళు. వాళ్ళ ఆకలి ఎవరికి తెలుస్తుంది? ఆవిడకి తెలిసింది. రాజులు కట్టింది నిలబడలేదు, విధవ రాణి రాసిచ్చింది నిలబడింది.

రెండోది కలావంతుల సంగతి. మా ఊరి పేరు చెబితే బయట కొందరు వెకిలిగా నవ్వుతారు. సినిమాలోళ్ళు సరే, పెద్దాపురం అనే మాటనే బూతు జోకు చేసిపారేసేరు. ఆ నవ్వు వెనకున్నది రాజుగారి మేడే. కొలువుకీ గుడికీ ఆటపాటల కోసం కలావంతుల కుటుంబాల్ని పెట్టుకున్నారు, మాన్యాలిచ్చేరు. మిగతా ఆడోళ్ళకి అక్షరమ్ముక్క రాని కాలంలో ఈ ఆడోళ్ళు చదువుకున్నారు, సంగీతం నేర్చేరు, పదాలు పాడేరు. పోషించే చెయ్యి పోయింది, చేతిలో కళ మిగిలింది, కడుపు మిగిలింది. ఆ తర్వాత ఏం జరిగిందో అందరికీ తెలుసు. దేవదాసీ పద్ధతి ఆపుతూ 1947లో మద్రాసు చట్టం వచ్చింది గానీ, బతుకుతెరువు చూపించే చట్టం దాని వెనకాల రాలేదు. మేడ కట్టించుకున్నోడి పేరు వంశచరిత్రలోకెళ్ళింది, నింద మాత్రం ఈ ఆడోళ్ళ మనవరాళ్ళు మోస్తున్నారు. రేపెవరైనా పెద్దాపురం సంస్థానం మీద మ్యూజియం కడతామంటే నేనడిగే మొదటి ప్రశ్న, వీళ్ళ గది ఎక్కడ అని.

సరే, మేడలు నిలబడిన చోట ఏమైందో చూద్దాం. మన తెలుగు నేల మీద రాజకుటుంబం సొంతిళ్ళకి మరమ్మత్తులంటే హైదరాబాదే చెప్పుకోవాలి.

ఫలక్‌నుమా నిజాం కట్టించింది కాదు. పైగా అమీరు, తర్వాత దివాను అయిన వికారుల్ ఉమ్రా 1884లో పునాది వేసి కట్టించుకున్న సొంతిల్లు. కట్టడానికి దగ్గర దగ్గర పదేళ్ళు పట్టింది. ఇటలీ పాలరాయి తెప్పించేరు. అప్పులపాలయ్యేడు. చివరికి ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా చేతికి పోయింది. కట్టించినోడు దాంట్లో సుఖపడింది తక్కువ. నిజాం అతిథులు దిగే చోటయింది. 1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారు దిగేరు, ఆ తర్వాత తలుపులు మూసేసేరు. అర్ధశతాబ్దం దుమ్ము కొట్టుకుపోయింది.

చౌమహల్లా కథ ఇంకా పాతది. 1750 ప్రాంతంలో సలాబత్ జంగ్ మొదలెడితే, అఫ్జలుద్దౌలా కాలానికి, అంటే 1857 తర్వాత, పూర్తయింది. ఒకప్పుడు 45 ఎకరాలు. ఇప్పుడు మిగిలింది దాంట్లో మూడో వంతు కూడా ఉండదు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇందులో కాపరం ఉండలేదు. కింగ్ కోఠీలో ఉన్నాడు, 1967లో పోయేదాకా అక్కడే. ప్రపంచంలోనే పెద్ద ధనవంతుడన్నారు గానీ, ఆయన పోగానే వారసులు లెక్కలేనంతమంది, దావాలు లెక్కలేనన్ని, పన్ను బకాయిలు వేరే. మనవడు ముకర్రం జా ఆస్ట్రేలియా ఎల్లిపోయి గొర్రెల ఫారం పెట్టుకున్నాడు. 1971లో 26వ సవరణతో రాజభరణాలు పోయేయి. కాపలావోళ్ళు, అద్దెకున్నోళ్ళు, దొంగలు ఎవరికందింది వాళ్ళు పట్టుకుపోయేరు.

వాటిని మళ్ళీ నిలబెట్టింది ముకర్రం జా మొదటి భార్య ఎస్రా. టర్కీ ఆవిడ, ఆర్కిటెక్చరు చదువుకున్నావిడ. విడాకులైపోయేక తిరిగొచ్చి ఈ పని భుజాన వేసుకుంది. చౌమహల్లా బాగుచేసి 2005లో జనానికి తెరిచేరు. 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ అవార్డు వచ్చింది. ఫలక్‌నుమాని తాజ్ హోటళ్ళకి లీజుకిచ్చేరు, పదేళ్ళు పనిచేసి 2010 నవంబరులో హోటలుగా తెరిచేరు.

రెండూ ఒకే కుటుంబానివి, ఒకే మనిషి దగ్గరుండి చేయించింది. కానీ తేడా చూడండి. చౌమహల్లాకి నేను టిక్కెట్టు కొనుక్కుని ఎల్లేను. ఖిల్వత్ దర్బారులో 19 షాండ్లియర్ల కింద, బురఖా వేసుకున్న పాతబస్తీ ఆడోళ్ళు పిల్లలకి పులిహోరలాంటిది డబ్బాలోంచి తినిపిస్తుంటే (కాపలావోడు చూసి కేకలేసేడు, అది వేరే) నాకు సంతోషమేసింది. ఒకప్పుడు ఆ గడప లోపలికి వాళ్ళ ముత్తాతలు తలొంచుకుని రావాల్సొచ్చేది. ఫలక్‌నుమాకి మాత్రం గది తీసుకోవాలి, లేదా భోజనం బుక్ చేసుకోవాలి. గుర్రబ్బండి ఎక్కించి తీసుకెళ్తారట. 101 మంది కూర్చునే భోజనాల బల్ల ఉందట. నేను కొండ కింద నుంచి చూసేను.

హోటలు చెయ్యకపోతే అది కూలిపోయేది గదా అంటారు. కావచ్చు. డబ్బు ఎక్కడో చోట నుంచి రావాలి. ఇంగ్లండులో కూడా ఈ తగువొచ్చింది. 1992లో విండ్సర్ కోట తగలబడింది. బాగుచెయ్యడానికి 3 కోట్ల 65 లక్షల పౌండ్లయింది. సర్కారు సొమ్ముతో చేయిస్తామని మంత్రి అనగానే జనం తిరగబడ్డారు. ఇల్లు ఆవిడది, ఖర్చు మాదా అని. దాంతో రాణిగారు 1993 నుంచి బకింగ్‌హాం పేలెస్ తలుపులు వేసవిలో తెరిచి టిక్కెట్లు అమ్మి, మరమ్మత్తు ఖర్చు చాలావరకు అందులోంచే తీసేరు. జనం అడిగేరు గనక తలుపు తెరుచుకుంది. మనకాడ ఆ ప్రశ్న అడిగేవోడు లేడు, ఫోటో దిగేవోళ్ళే.

మూడో దారి కూడా ఉంది, దాని గురించి వీడియోలు రావు. వనపర్తి రాజుగారి మహల్లో 1959 నుంచి పాలిటెక్నిక్ కాలేజీ నడుస్తుంది. విజయనగరం కోటలో, పి.వి.జి. రాజుగారు 1958లో పెట్టిన మాన్సాస్ ట్రస్టు చదువులు చెప్పిస్తుంది. కింగ్ కోఠీలో ఒక వైపు సర్కారు ఆసుపత్రి అయింది. రాణివాసం ఉన్నచోట రైతుకూలీల పిల్లలు డ్రాయింగు బోర్డులు పట్టుకు తిరగడం కన్నా మంచి మరమ్మత్తు ఏముంటుంది? కానీ ఇక్కడా ఒక చిక్కుంది. చదువు చెప్పే శాఖకి పాత గోడ సంగతి తెలీదు. బీట వస్తే సిమెంటు, చెమ్మ వస్తే సిమెంటు.

ఈ సిమెంటు గొడవ కాస్త వివరంగా చెప్పాలి. ఎందుకంటే గుడి కానీ, సత్రం కానీ, మన తాతల మండువా లోగిలి కానీ, మనోళ్ళు చంపేస్తున్నది దీనితోనే.

పాత గోడ ఇటుకా సున్నం. గానుగలో ఎద్దు తిరుగుతూ సున్నం, ఇసక నూరేది. దాంట్లో ఇటుక పొడి కలిపేవోళ్ళు, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు పోసేవోళ్ళు. వారాల తరబడి మాగబెట్టేవోళ్ళు. పైపూత నున్నగా అద్దంలా రావడానికి కొన్నిచోట్ల కోడిగుడ్డు తెల్లసొన కూడా వాడేరు. ఈ గోడకి కింద చెమ్మ నిలిపే కట్టడి ఉండదు. నేల తడి ఇటుకలోంచి పైకి పాకుతుంది. పాకినా నష్టం లేదు, ఎందుకంటే సున్నం పూత ఊపిరి తీసుకుంటుంది, తడి బయటికి ఆరిపోతుంది. మీరు దానిమీద సిమెంటు కొడితే ఆ దారి మూసుకుపోతుంది. తడి లోపలే ఉండి ఇంకా పైకెక్కుతుంది. దానితో వచ్చిన ఉప్పు ఇటుకలో గట్టిపడి లోపల్నుంచి ఇటుకని పొడి చేసేస్తుంది. బయటికి సిమెంటు పూత కొత్తగా మెరుస్తుంటుంది. నాలుగైదు వానాకాలాలు పోయేక అట్టలాగా ఊడొస్తుంది, వెనక ఇటుక రాలిపోతుంది. గోదావరి జిల్లాలో నేల తడి గురించి మీకు నేను చెప్పాలా?

పైకప్పు కూడా అంతే. మద్రాసు టెర్రసు అంటారు. టేకు దూలాలు, వాటి మీద దంతెలు, దంతెల మధ్య సన్న ఇటుకలు అంచుమీద నిలబెట్టి, పైన సున్నం కాంక్రీటు దిమ్మిస. ఎక్కడో ఓ చోట నీళ్ళు కారితే దూలం చివర, గోడలోకి దిగిన భాగం, ముందు కుళ్ళుతుంది. చెద పడుతుంది. ఆ ఒక్క దూలం మార్చాల్సింది పోయి కప్పంతా పీకి స్లాబు వేసేస్తారు. సున్నపు గోడ ఆ బరువుకి పుట్టలేదు. అది బీటిస్తే, "చూసేరా, పాత బిల్డింగు పనికిరాదు" అని కూల్చేస్తారు. నేనైతే దీన్ని హత్య అంటాను.

సరైన పద్ధతిలో చెయ్యాలంటే మొదట చెయ్యాల్సింది రంగు కాదు. ముందు నీళ్ళు ఆపాలి. తూములు శుభ్రం చెయ్యాలి. గోడల్లో మొలిచిన రావి మొక్క వేరుతో సహా తియ్యాలి, పైన కోసేస్తే మళ్ళీ వస్తుంది. పాత సిమెంటు పూత జాగ్రత్తగా గీకి గోడని ఆరబెట్టాలి. ప్రతి గదికీ కొలతలు, ఫోటోలు తీసి రాసుకోవాలి. ఆ తర్వాతే సున్నం. దీనికి తాపీ మేస్త్రి కావాలి, ఆ పని తెలిసినోళ్ళు ముసలోళ్ళయిపోయేరు, పిల్లలకి నేర్పలేదు. ఎందుకు నేర్పుతారు? సిమెంటు పనికిచ్చే కూలే సున్నం పనికీ ఇస్తామంటే, పట్టే రోజులు మూడింతలు. సర్కారు రేట్ల పుస్తకంలో పని తొందరగా తేల్చేసినోడికే లాభం. పాత కట్టడాల్ని కాపాడతామని ఉపన్యాసాలిచ్చేవోళ్ళు ముందు ఆ మేస్త్రి కూలి సంగతి తేల్చాలి.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. మన రాష్ట్రానికి 1960 నాటి పురావస్తు చట్టముంది. కానీ నోటిఫై చేసిన కట్టడానికే ఆ రక్ష. హైదరాబాదులో వారసత్వ భవనాలకని ఉన్న 13వ నిబంధనని 2015లో తీసేసేరు, 2017లో తెలంగాణ హెరిటేజ్ చట్టం తెచ్చేరు. జాబితాలో పేరుంటే ఒక బతుకు, లేకపోతే ఒక బతుకు. రాజుల కట్టడాలు జాబితాకెక్కుతాయి, ధర్మసత్రాల పేర్లు ఎవరికీ గుర్తురావు.

మా ఊరికొస్తే, కోట మళ్ళీ కట్టుకునే పని లేదు. కొందరికి ఆ సరదా ఉంది. ముఖద్వారంలాంటిది సిమెంటుతో పోసి, పైన సింహాలు పెట్టి, ఫోటో పాయింటు చేద్దామంటారు. వద్దండీ. ఆ డబ్బు, ఆ శ్రద్ధ రాణిగారి పేరున్న సత్రాల మీద పెడితే చాలు. ధర్మసత్రాలకిచ్చిన భూములు 1987 నాటి 30వ చట్టం, అంటే దేవాదాయ చట్టం కిందకొస్తాయి. వాటిని అమ్మాలంటే కమిషనర్ అనుమతి కావాలి. భూమి ఉంటేనే శిస్తొస్తుంది, శిస్తొస్తేనే పొయ్యి వెలుగుతుంది, పొయ్యి వెలుగుతున్నంత కాలం గోడని ఎవరో ఒకరు చూసుకుంటారు. పొయ్యి ఆర్పేసి గోడకి రంగేస్తే అది బొమ్మ.

అందుకని మీ ఊళ్ళో ఇలాంటి పాత సత్రం ఏదున్నా సమాచార హక్కు కింద ఓ కాగితం పెట్టండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. అడగాల్సినవి ఇవి: దాత రాసిన వీలునామా నకలు, సర్వే నంబర్ల వారీగా అప్పుడిచ్చిన భూమెంత, ఇప్పుడున్నదెంత, కౌలు ఎవరికి, ఎకరానికి ఎంత, గడిచిన అయిదేళ్ళలో ఎన్ని రోజులు ఎంతమందికి అన్నం పెట్టేరు, మరమ్మత్తులకి ఎంత ఖర్చు పెట్టేరు, వాడింది సున్నమా సిమెంటా. ఈ చివరి ప్రశ్నకి ఆఫీసులో నవ్వుతారు. నవ్వనివ్వండి, జవాబు మాత్రం రాతపూర్వకంగా తీసుకోండి.